ఊకె కూసునే ఐదు నిమిషాలు

మిర్యాలగూడ పొంటి ఓ బాయిల్డ్ రైస్ మిల్లు.
ఊక బూడిద గాలిల తేలుతున్న పొద్దుగాల
కాంటా పక్కకే నా బల్ల ఏసుకున్న.
బీపీ మిషను, టేపు, స్టాప్‌వాచు,
మెట్టు పరీక్షకు ఓ చెక్కపెట్టె,
ఒంట్ల కొవ్వెంతో కండెంతో చెప్పే అద్దం పలక.
నలభై ఒక్కమంది హమాలీలు, నలభై ఒక్క కాయితాలు.
బీమా కంపెనీ అడిగింది, సేటు సరేనన్నడు,
నాకు మనిషికి అరవై రూపాయలు.

మొదటి పేరు ముత్తిలింగం.
వయసు?
"యాభై రాయి. ఆధార్ల గంతే ఉంది."
పలక ఎక్కుమంటే అటూ ఇటూ చూసిండు.
"బస్తా ఏది?"
బస్తా లేకుంటనే ఎక్కాలె, పెదనాయినా.
"ఇరవై ఎనిమిదేండ్ల సంది కాంటా మీద ఎత్తుడే గానీ
నన్నెవ్వలు జోకలే బిడ్డా."

ఎక్కిండు. ఎర్రర్ అన్నది పలక.
మల్ల ఎక్కిండు. మల్ల ఎర్రర్.
క్లాసుల చెప్పిండ్రు మాకు:
పాదాలల్లకెల్లి సన్నటి కరెంటు పోతది,
తడి ఉన్న కండల ఉరుకుతది, కొవ్వుల ఆగాగి నడుస్తది,
ఆ నడకను బట్టే లెక్క.
సిమెంటు కల్లం మీద, ఉడుకుడుకు వడ్ల మీద
ఇన్నేండ్లు తిరిగిన అరికాలు
కరెంటును లోపటికి రానియ్యదని చెప్పలే.

తువాల తడిపిన. కింద కూసున్న.
"ఏయ్, కాళ్లు ముట్టకు!"
దొంగతనం బయటపడ్డట్టు గుంజుకున్నడు.
పర్రెల సందున ఊక. తుడిచిన కొద్దీ ఊక.
బొటనవేలి కింద ఓ గట్టి గుబ్బ.
"దబ్బనం ఇరిగింది అండ్ల. ఉందో పోయిందో.
గీ మిషను చెప్తదా?"
చెప్పదు.

తడి అంటినంక పలక ఒప్పుకుంది.
బరువు యాభై ఆరు. కొవ్వు తొమ్మిది శాతం.
నాడి పట్టిన: నిమిషానికి యాభై రెండు.
జిల్లా మీట్ల ఎనిమిది వందల మీటర్లు ఉరికిన దాన్ని,
నా గుండె ఎన్నడు ఇంత నిమ్మలంగ కొట్టలే.
మెట్టు మూడు నిమిషాలు ఎక్కి దిగిండు.
పెట్టె కిర్రుమన్నది గానీ ఆయన రొప్పలే.
"లారీకి ఏసిన పలక ఊగుతది. ఇది ఊగుతనే లేదు గద!"

మస్తు అని రాయబోతుంటే బీపీ అడ్డమొచ్చింది.
నూట యాభై ఎనిమిది, తొంభై ఎనిమిది.

తప్పు నాది. చూసే ముందల
ఐదు నిమిషాలు ఊకె కూసోబెట్టాలె,
వీపు ఆనిచ్చి, కాళ్లు నేలకు పెట్టి, మాట లేకుంట.
కుర్చీ చూపెట్టిన.
అంచు మీద కూసున్నడు, లేవనీకే తయారుగ.
"మేస్త్రి కైకిల్ల కోస్తడా?"
కొయ్యడు, అన్న. నాకు తెల్వది.
"మరి నేనేం జెయ్యాలె?"
ఏం జెయ్యొద్దు.
"ఏం జెయ్యకుంట ఎట్ల కూసుంటరు?"

మొదటి నిమిషం మోకాళ్లు ఊపిండు.
రెండో నిమిషం గేటు కాడి లారీల నంబర్లు
పెదాలతోని చదువుకున్నడు.
మూడో నిమిషం నా స్టాప్‌వాచు దిక్కు చూసిండు,
ఆగిపోయిందేమో అన్నట్టు.
నాలుగో నిమిషం ఆ కుడి భుజం,
ఎడమదానికంటె రెండు వేళ్లు కిందికి దిగిన భుజం,
మెల్లగ కుర్చీకి ఒరిగింది.
ఐదో నిమిషానికి గురక.

నిద్రల చూసింది లెక్కకు రాదు. తెలుసు.
అయినా పట్టీ దండకు చుట్టిన.
నూట పద్దెనిమిది, డెబ్బై నాలుగు.
ఎనకాల నలభై మంది
మూతికి తువాలలు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నరు,
ఆయన లేవకుంట.

మేస్త్రి ఈల ఏసిండు. ఉలిక్కిపడి నిలబడ్డడు.
"ఎంతొచ్చిన?"
బస్తాను అడిగినట్టే అడిగిండు.
రెండూ చెప్పిన.
"అండ్ల నాది ఏది?"
జవాబు కోసం ఆగలే, తువాల నెత్తికి చుట్టుకుంటనే పోయిండు.
కాయితంల బీపీకి ఒక్కటే గడి. అట్లనే ఇడిచిన.

రెండో పేరు పిలిచిన. వచ్చి కుర్చీల కూసున్నడు.
ఐదు దాటింది, ఏడు దాటింది.
నేను పెన్ను దేవులాడుకుంటున్న,
చేతిల పెట్టుకొనే.